లిస్ప్ భాషలో ప్రమేయ, మాక్రో నిర్వచనాలు: అర్థగ్రహణ, స్వరూపగ్రహణ వివేచన

1. ప్రస్తావన

శాస్త్రప్రవేశం సంజ్ఞతో జరుగుతుంది. అష్టాధ్యాయిలోని మొదటి సూత్రం వృద్ధి అనే సంజ్ఞను విధిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞాపరిచ్ఛేదంతో ఆరంభమవుతుంది. ముందుగా పేరు పెట్టి, ఆ పేరుతో వ్యవహరిస్తూ, తక్కువ మాటలలో ఎక్కువ కార్యాన్ని సాధించడం మన శాస్త్రకారుల పద్ధతి. కంప్యూటరుకు ఆదేశాలు రాసే భాషలలో కూడా పని ఇట్లాగే సాగుతున్నది. కావలసిన కార్యానికి ఒక పేరు పెట్టి నిర్వచిస్తారు. ఆ తరువాత ఆ పేరుతోనే పని జరిపిస్తారు.

ఈ సామ్యాన్ని చూచి కొందరు తొందరపాటుతో పెద్ద మాటలు చెబుతున్నారు. సంస్కృతమే కంప్యూటరుకు అత్యంత అనువైన భాష అని విదేశీయులు నిరూపించినారని సభలలో తరచుగా వింటున్నాము. ఈ మాటకు మూలంగా చెప్పే వ్యాసాన్ని రిక్ బ్రిగ్స్ 1985లో ప్రచురించినాడు. వైయాకరణుల శాబ్దబోధ ప్రక్రియను, కృత్రిమ మేధారంగంలో అర్థాన్ని చూపడానికి వాడే జాలక చిత్రాలను ఆ వ్యాసం పోల్చింది. కంప్యూటరు ప్రోగ్రాములు సంస్కృతంలో రాయబడుతున్నాయని అందులో లేదు. లేని దానిని ఉన్నదని చెప్పడం వలన శాస్త్రానికి గౌరవం పెరగదు. పైగా, నిజంగా ఉన్న సామ్యాన్ని చూపినప్పుడు కూడా వినేవారు నమ్మని పరిస్థితి ఏర్పడుతుంది.

కనుక ఈ వ్యాసంలో ఒక చిన్న విషయాన్ని మాత్రమే పరిశీలిస్తున్నాను. లిస్ప్ అనే కంప్యూటరు భాషలో నిర్వచనం రెండు విధాలు: ఒకటి ప్రమేయం, రెండవది మాక్రో. ఈ రెండింటి మధ్య భేదం శబ్దం యొక్క అర్థాన్ని గ్రహించడానికి, శబ్ద స్వరూపాన్ని గ్రహించడానికి మధ్య ఉన్న భేదమే. వ్యాకరణ విద్యార్థికి ఇది సుపరిచితమైన విషయం. ఆ పరిచయం ఉన్నవారు లిస్ప్‌లోని కష్టమైన ఈ భాగాన్ని సులభంగా అందుకోగలరని చూపడం ఈ వ్యాసలక్ష్యం. ఉదాహరణలు కామన్ లిస్ప్ అనే శాఖను అనుసరించి ఇచ్చినాను. ఆ భాషలోని కీలకపదాలను ఉచ్చారణానుసారం తెలుగు లిపిలో రాసినాను.

2. లిస్ప్ పుట్టుక, వాక్యనిర్మాణం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్ మెకార్తీ 1958లో ఈ భాషకు రూపకల్పన ఆరంభించినాడు. 1960లో దీని సిద్ధాంతాన్ని ఒక వ్యాసంగా ప్రకటించినాడు. ఒక సమాసానికి విలువ కట్టే విధానాన్ని ఆయన ఆ భాషలోనే ఒక ప్రమేయంగా, సిద్ధాంతనిరూపణ కోసం రాసినాడు. స్టీవ్ రస్సెల్ అనే సహచరుడు దానిని ఐబీఎం 704 యంత్రం భాషలోకి మార్చగా, కాగితం మీది సిద్ధాంతం యంత్రంలో నడిచే భాష అయినది. ఆ తరువాత అనేక శాఖలు పుట్టినవి. 1975లో స్కీమ్ వచ్చింది. కామన్ లిస్ప్‌కు 1994లో అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. 2007లో క్లోజర్ వెలువడింది.

లిస్ప్ వాక్యనిర్మాణం మిక్కిలి సరళమైనది. కుండలీకరణాలలో మొదట కార్యం పేరు, ఆ తరువాత ఆ కార్యానికి కావలసిన దత్తాంశాలు వస్తాయి.

(+ 2 3)

దీని విలువ 5. ఒకదానిలో మరొకటి ఇముడుతుంది.

(* 2 (+ 3 4))

ఇక్కడ లోపలి భాగానికి ముందుగా విలువ కట్టితే 7 వస్తుంది. దానిని 2తో గుణిస్తే 14. ఇట్టి రచనను గణితపరిభాషను అనుసరించి సమాసం అంటున్నాను. వ్యాకరణంలోని సమాసానికీ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. లిస్ప్‌లో సమాచారాన్ని దాచుకొనే రూపం జాబితా. (1 2 3) అనేది మూడు సంఖ్యల జాబితా. పైన చెప్పిన (+ 2 3) కూడా ఒక జాబితాయే. దానిలో ఒక సంకేతం, రెండు సంఖ్యలు ఉన్నాయి. అనగా ప్రోగ్రాముకు, ఆ ప్రోగ్రాము పనిచేసే సమాచారానికి రూపం ఒక్కటే. తన వాక్యాలను తానే సమాచారంగా స్వీకరించి పరిశీలించగల సామర్థ్యం ఈ భాషకు ఇందువలన కలిగింది. భాషను గురించి భాషలోనే మాట్లాడే వ్యాకరణానికి ఉన్న స్థితి ఇదే.

3. ప్రమేయ నిర్వచనం

ప్రమేయాన్ని నిర్వచించడానికి డెఫన్ అనే కీలకపదం వాడుతారు.

(డెఫన్ వర్గం (స)
  (* స స))

ఇందులో మూడు భాగాలున్నాయి. వర్గం అనేది సంజ్ఞ. (స) అనేది పరామితుల జాబితా. రాబోయే దత్తాంశానికి తాత్కాలికంగా పెట్టిన పేరు స. మూడవది కార్యశరీరం. ఇక (వర్గం (+ 2 3)) అని రాస్తే జరిగే క్రమం ఇది. ముందుగా (+ 2 3)కు విలువ కట్టబడుతుంది. వచ్చిన 5 అనే విలువ స అనే పేరుకు ముడిపడుతుంది. ఆ తరువాత (* స స) జరిగి 25 వస్తుంది. ప్రమేయం తన ముందుకు వచ్చిన 5ను మాత్రమే ఎరుగును. అది (+ 2 3) అని రాయబడినదా, (- 9 4) అని రాయబడినదా అనేది దానికి తెలియదు, అక్కరలేదు. ప్రమేయం అర్థాన్ని మాత్రమే గ్రహిస్తుంది అన్న మాటకు తాత్పర్యం ఇది.

పేరు పెట్టకుండా కూడా ప్రమేయాన్ని రాయవచ్చు. దానికి లామ్డా అనే పదం ఉన్నది. అలోంజో చర్చి అనే తార్కికుడు 1930ల నాటి తన గణిత రచనలలో వాడిన గ్రీకు అక్షరం నుండి మెకార్తీ ఈ పేరు తీసుకొన్నాడు. ((లామ్డా (స) (* స స)) 5) అంటే 25. దీనిని బట్టి ప్రమేయం వేరు, దాని సంజ్ఞ వేరు అని స్పష్టమవుతుంది.

తన నిర్వచనంలో తన్నే పిలుచుకొనే ప్రమేయం లిస్ప్‌లో సర్వసాధారణం. దీనికి మన ఛందశ్శాస్త్రం నుండి మంచి ఉదాహరణ లభిస్తుంది. న సంఖ్య గల అక్షరాల పాదంలో గురులఘు భేదం వలన ఎన్ని సమవృత్తాలు ఏర్పడతాయి? రెండును న పర్యాయాలు గుణించిన సంఖ్య అని మనకు తెలుసు. దానిని త్వరగా గణించే ఉపాయాన్ని పింగళుడు ఛందశ్శాస్త్రం అష్టమాధ్యాయంలో చెప్పినాడు. అక్షరసంఖ్య సరిసంఖ్య అయితే సగం చేసి రెండు అని గుర్తు పెట్టవలెను. బేసి అయితే ఒకటి తీసివేసి శూన్యం గుర్తు పెట్టవలెను. సంఖ్య ముగిసిన తరువాత వెనుకకు వస్తూ, శూన్యం ఉన్నచోట రెట్టింపు, రెండు ఉన్నచోట వర్గం చేయవలెను. ఇదే లిస్ప్‌లో:

(డెఫన్ వృత్తసంఖ్య (న)
  (ఇఫ్ (= న 0)
      1
      (ఇఫ్ (ఈవెన్‌పి న)
          (వర్గం (వృత్తసంఖ్య (/ న 2)))
          (* 2 (వృత్తసంఖ్య (- న 1))))))

ఇఫ్ అనేది మొదటి అంశం నిజమైతే రెండవదానిని, కాకపోతే మూడవదానిని గ్రహిస్తుంది. ఈవెన్‌పి అనేది సరిసంఖ్య అవునా అని అడిగే ప్రశ్న. గాయత్రీ ఛందస్సుకు పాదానికి 6 అక్షరాలు. 6 సరి కనుక 3. 3 బేసి కనుక 2. 2 సరి కనుక 1. 1 బేసి కనుక 0. 0 వద్ద విలువ 1. ఇక తిరుగుప్రయాణంలో 1 రెట్టింపు 2, దాని వర్గం 4, దాని రెట్టింపు 8, దాని వర్గం 64. గాయత్రిలో 64 సమవృత్తాలు. ఉత్పలమాల చేరిన కృతిచ్ఛందస్సుకు 20 అక్షరాలు. అక్కడ 20 పర్యాయాలు రెట్టింపు చేయకుండానే 6 మెట్లలో 10,48,576 లభిస్తుంది.

పింగళుడు పెట్టమన్న గుర్తులు ఊరకే పెట్టినవి కావు. క్రిందికి దిగేటప్పుడు ఏ మెట్టు వద్ద ఏ పని మిగిలి ఉన్నదో అవి జ్ఞాపకం ఉంచుతాయి. తన్ను తాను పిలుచుకొనే ప్రమేయం నడిచేటప్పుడు యంత్రం కూడా మిగిలి ఉన్న పనులను ఇట్లాగే వరుసగా భద్రపరచి, చివరి నుండి మొదటికి పూర్తిచేస్తుంది.

4. ఇఫ్ ప్రమేయం కాజాలదు

పై నిర్వచనంలో ఇఫ్ చూపునకు వర్గం వంటి ప్రమేయంగానే కనిపిస్తుంది. కాని అది ప్రమేయం కాదు, కాజాలదు. ప్రమేయమైతే తన దత్తాంశాలన్నింటికీ ముందుగా విలువ కట్టవలసి ఉన్నది. న విలువ 0 అయినప్పుడు ఏమి జరుగుతుందో చూడండి. నిజం అని మొదటి అంశం చెబుతుంది. రెండవ అంశం 1. అయినా ఇఫ్ ప్రమేయమే అయితే, అక్కరలేని మూడవ అంశానికి కూడా విలువ కట్టక తప్పదు. దానిలో 0లో సగం 0 కనుక మళ్ళీ (వృత్తసంఖ్య 0) వస్తుంది. దానికి విలువ కట్టడానికి మళ్ళీ అదే వస్తుంది. తార్కికులు చెప్పే అనవస్థాదోషం ఇక్కడ సిద్ధాంతంగా కాక యంత్రం ఆగిపోని రూపంలో ప్రత్యక్షమవుతుంది.

కనుక తన అంశాలలో దేనికి విలువ కట్టవలెనో, దేనికి కట్టరాదో తానే నిర్ణయించే రచనలు కొన్ని అవసరం. లిస్ప్‌లో ఇఫ్ వంటి కొన్నింటిని భాషయే సిద్ధం చేసి ఇచ్చింది. వాటిని ప్రత్యేక రూపాలు అంటారు. అట్టివి మనకు మనమే కొత్తగా నిర్వచించుకొనే మార్గం ఉన్నదా? ఉన్నది. అది మాక్రో. దానిని గ్రహించడానికి ముందు స్వరూపగ్రహణమనే విషయాన్ని చూడవలసి ఉన్నది.

5. స్వరూపగ్రహణం

లోకంలో శబ్దం అర్థాన్ని బోధిస్తుంది. అగ్నిని తెమ్మంటే నిప్పు తెస్తారు, అక్షరాలను తీసుకొని రారు. శాస్త్రంలో వ్యవస్థ వేరు. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయం ప్రథమపాదంలోని 68వ సూత్రం ప్రకారం, వ్యాకరణంలో శబ్దాన్ని ఉచ్చరిస్తే దాని స్వరూపమే గ్రాహ్యం. అందువలననే అగ్ని శబ్దానికి విధించిన ఢక్ ప్రత్యయం ఆ శబ్దానికే చేరి ఆగ్నేయ రూపం ఏర్పడుతుంది. ఆ ప్రత్యయం నిప్పుకు చేరదు. వహ్ని, పావక మొదలైన పర్యాయపదాలకూ చేరదు. శాస్త్రసంజ్ఞలను మాత్రం ఆ సూత్రమే మినహాయించింది. వృద్ధి అన్నప్పుడు ఆ, ఐ, ఔలను గ్రహించవలెను గాని వృద్ధి అనే శబ్దాన్ని కాదు.

లిస్ప్‌లో లోకవ్యవహారమే సామాన్యనియమం. అగ్ని అనే చలరాశికి 3 విలువ అనుకొందాము. అగ్ని అని రాస్తే 3 వస్తుంది. ఆ సంకేతస్వరూపమే కావలెనంటే ముందు క్వోట్ అనే గుర్తు పెట్టవలెను. 'అగ్ని అని రాస్తే అగ్ని అనే సంకేతమే వస్తుంది. '(+ 2 3) అంటే 5 కాదు. ఒక సంకేతం, రెండు సంఖ్యలు గల జాబితా. సంస్కృతవాక్యంలో ఇతి, తెలుగువాక్యంలో అని, అనే చేసే పని ఇది. అగ్ని అనే శబ్దం అన్నప్పుడు అర్థాన్ని విడిచి స్వరూపానికి వస్తున్నాము.

ఇక రెండవ గుర్తు వెనుక క్వోట్. ` అని రాస్తారు. ఇది కూడా తరువాతి జాబితాను స్వరూపంగానే ఉంచుతుంది. కాని దాని లోపల ఎక్కడైనా కామా పెడితే, ఆ ఒక్కచోట మాత్రం విలువ ప్రవేశిస్తుంది. అగ్ని విలువ 3 అయితే,

`(+ ,అగ్ని అగ్ని)

అనేది (+ 3 అగ్ని) అనే జాబితాను ఇస్తుంది. కామా ఉన్నచోట అర్థం, లేనిచోట స్వరూపం.

దీనికి తుల్యమైనది వ్యాకరణంలో ఉన్నది. ప్రథమపాదంలోని 44వ సూత్రం విభాషాసంజ్ఞను విధిస్తుంది. అందులోని ఇతికరణానికి ప్రయోజనమేమిటని విచారించిన వ్యాఖ్యాతలు అది అర్థనిర్దేశం కోసమని వివరించినారు. శాస్త్రంలో శబ్దం సహజంగా స్వరూపపరం కనుక, ఇతి చేరితే అది అర్థపరమవుతుంది. నిషేధవికల్పాలకు సంజ్ఞ సిద్ధిస్తుంది. లోకంలో అర్థం నుండి స్వరూపానికి తిప్పే ఇతి శాస్త్రంలో స్వరూపం నుండి అర్థానికి తిప్పుతున్నది. లిస్ప్‌లో మొదటి పని క్వోట్‌ది, రెండవ పని వెనుక క్వోట్ లోపలి కామాది. రెండు వ్యవహారాలకు రెండు వేరు గుర్తులు పెట్టుకొన్నారనేదే తేడా.

6. మాక్రో నిర్వచనం

లిస్ప్‌లోకి మాక్రోలను 1963లో టిమోతి హార్ట్ ప్రతిపాదించినాడు. అంతకు ముందే యంత్రభాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలలో ఆ పేరు ఉన్నది. లిస్ప్‌లో మాక్రో నిర్వచనం చూపునకు ప్రమేయ నిర్వచనం వలెనే ఉంటుంది.

(డెఫ్‌మాక్రో కానిచో (నియమం కార్యం)
  `(ఇఫ్ ,నియమం నిల్ ,కార్యం))

నిల్ అంటే శూన్యం. అసత్యం కూడా అదే. ఈ మాక్రోను ఇట్లా ప్రయోగిస్తాము:

(కానిచో (= న 0) (/ 100 న))

న శూన్యం కానిచో 100ను దానితో భాగించవలెనని భావం. ఇక్కడ కానిచో అనేది (= న 0) విలువను గాని, (/ 100 న) విలువను గాని స్వీకరించదు. ఆ రెండు జాబితాలనే స్వీకరిస్తుంది. నియమం అనే పరామితికి (= న 0) అనే జాబితా, కార్యం అనే పరామితికి (/ 100 న) అనే జాబితా ముడిపడతాయి. కామా ఆ పరామితుల విలువను ప్రవేశపెడుతుంది. ఆ విలువ ప్రయోక్త రాసిన స్వరూపమే. ఫలితంగా ఏర్పడే కొత్త వాక్యం:

(ఇఫ్ (= న 0) నిల్ (/ 100 న))

దీనిని విస్తరణ అంటారు. విలువ కట్టడం ఆ తరువాతి పని. కనుక మాక్రో వ్యవహారంలో రెండు దశలు ఉన్నాయి: మొదటిది వాక్యం స్థానంలో వాక్యాన్ని నిలపడం, రెండవది నిలిపిన వాక్యానికి విలువ కట్టడం. కంపైలరు ద్వారా సిద్ధం చేసిన ప్రోగ్రాములో మొదటి దశ ప్రోగ్రాము నడవడానికి ముందే పూర్తి అవుతుంది. కానిచో అనేదానిని ప్రమేయంగా నిర్వచించి ఉంటే, న విలువ 0 అయినప్పుడు శరీరంలోకి ప్రవేశించక ముందే శూన్యంతో భాగహారం జరగబోయి దోషం ఏర్పడేది.

మాక్రో విస్తరణ కేవలం అక్షరాలను అతికించడం కాదు. సీ భాషలో అక్షరాలను అతికించే మాక్రోలు ఉన్నాయి. అక్కడ వర్గానికి స*స అని మాక్రో రాసి, స స్థానంలో 2+3 ఇస్తే 2+3*2+3 ఏర్పడుతుంది. గుణకారం ముందు జరగడం వలన 25కు బదులు 11 వస్తుంది. లిస్ప్‌లో దత్తాంశం (+ 2 3) అనే పూర్తి అవయవంగా చేరుతుంది కనుక (* (+ 2 3) (+ 2 3)) ఏర్పడి 25 వస్తుంది.

7. మాక్రోలో సంభవించే రెండు దోషాలు

స్వరూపాన్ని గ్రహించే శక్తితో పాటు రెండు ప్రమాదాలు వస్తాయి.

మొదటిది ద్విరావృత్తి. వర్గాన్ని మాక్రోగా రాసినామనుకొందాము.

(డెఫ్‌మాక్రో మవర్గం (స)
  `(* ,స ,స))

(మవర్గం (సంఖ్యను-చదువు)) అని ప్రయోగిస్తే విస్తరణ ఇది:

(* (సంఖ్యను-చదువు) (సంఖ్యను-చదువు))

మీట నొక్కే వ్యక్తి నుండి ఒక సంఖ్యను చదవడం ఆ ప్రమేయం పని అయితే, ఇక్కడ రెండు సంఖ్యలు చదవబడతాయి. అతడు 3, తరువాత 4 ఇస్తే ఫలితం 12. ఏ పూర్ణసంఖ్యకూ అది వర్గం కాదు. ఒకే పేరును రెండుచోట్ల రాసినంత మాత్రాన కార్యం రెండుసార్లు జరుగుతుందని ప్రమేయాలకు అలవాటుపడిన వారికి తోచదు. పరిహారం సులభం. లెట్ అనే రచనతో విలువను ఒక్కసారి కట్టి పేరుకు ముడిపెట్టవలెను. అంతకంటె సులభం వర్గాన్ని ప్రమేయంగానే ఉంచడం.

రెండవది నామసంకరం. రెండు అంశాలలో మొదటిది సత్యమైతే దానిని, కాకపోతే రెండవదానిని ఇచ్చే మాక్రోను చూడండి.

(డెఫ్‌మాక్రో అథవా (అ ఆ)
  `(లెట్ ((త ,అ))
     (ఇఫ్ త త ,ఆ)))

మొదటి అంశానికి ఒక్కసారే విలువ కట్టడానికి త అనే తాత్కాలిక నామం వాడబడింది. ద్విరావృత్తి లేదు. కాని ప్రయోక్త ప్రోగ్రాములో కూడా త అనే చలరాశి ఉండి, దాని విలువ 7 అనుకొందాము. (అథవా నిల్ త) అంటే 7 రావలెను. విస్తరణ ఇట్లా ఉంటుంది:

(లెట్ ((త నిల్))
  (ఇఫ్ త త త))

చివరి త ప్రయోక్తది. కాని మాక్రో పెట్టిన త దానిని కప్పివేసింది. 7కు బదులు నిల్ వస్తుంది. ఈ దోషం సాధారణంగా బయటపడదు. ఇద్దరూ యాదృచ్ఛికంగా ఒకే పేరు పెట్టిననాడు మాత్రమే తప్పు ఫలితం వస్తుంది. అందువలననే ఇది మరింత ప్రమాదకరం.

కామన్ లిస్ప్‌లో దీనికి పరిహారం జెన్‌సిమ్ అనే ప్రమేయం. అది పిలిచిన ప్రతిసారీ మరెవ్వరూ రాయజాలని ఒక కొత్త సంకేతాన్ని సృష్టించి ఇస్తుంది.

(డెఫ్‌మాక్రో అథవా (అ ఆ)
  (లెట్ ((గ (జెన్‌సిమ్)))
    `(లెట్ ((,గ ,అ))
       (ఇఫ్ ,గ ,గ ,ఆ))))

స్కీమ్ శాఖవారు ఈ జాగ్రత్తను ప్రోగ్రాము రాసేవాని మీద వదలలేదు. మాక్రో ప్రవేశపెట్టిన పేరు, ప్రయోక్త పేరు కలిసిపోకుండా విస్తరణ ప్రక్రియయే చూచుకొనే పద్ధతిని కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా 1986లో ప్రతిపాదించినారు. దీనిని శుచియైన విస్తరణ అనవచ్చు.

సంజ్ఞకు, లోకశబ్దానికి సంకరం కలగకుండా చూడడం పాణినికి కూడా ఎదురైన సమస్యయే. ఘు, ఘ, టి, భ వంటి సంజ్ఞలు లోకంలో ఆ అర్థాలలో లేని కృత్రిమశబ్దాలు. గుణవృద్ధులు మాత్రం లోకంలో వేరు అర్థాలతో ఉన్న శబ్దాలు. వాటిని శాస్త్రార్థంలోనే గ్రహించడానికి 68వ సూత్రంలోని మినహాయింపు తోడ్పడుతున్నది. అపూర్వశబ్దాన్ని కల్పించడం ఒక మార్గం, గ్రహణనియమాన్ని విధించడం మరొక మార్గం. కామన్ లిస్ప్ మొదటిదానిని, స్కీమ్ రెండవదానిని పోలిన త్రోవలో నడిచినవి.

8. పోలికకు హద్దులు

సామ్యం చెప్పినప్పుడు వైషమ్యం కూడా చెప్పడం న్యాయం. మాక్రో విస్తరణ ఆదేశాన్ని పోలినదని పైకి తోస్తుంది. ఒకదాని స్థానంలో మరొకటి వస్తున్నది. కాని పాణినీయంలో ఆదేశం స్థానివద్భావం వలన చాలాచోట్ల స్థాని ధర్మాలను పొందుతుంది. లిస్ప్‌లో విస్తరణ జరిగిన తరువాత మాక్రో ప్రయోగం జాడ విలువ కట్టే దశకు అందదు. అట్లాగే సూత్రాల మధ్య విప్రతిషేధం, త్రిపాదిలోని అసిద్ధత్వం వంటి వ్యవస్థలకు లిస్ప్‌లో తుల్యమైనవి లేవు. పాణినీయం శబ్దాలను నిష్పన్నం చేసే శాస్త్రం. లిస్ప్ సమాసాలకు విలువ కట్టే భాష. ఒకదాని నుండి మరొకటి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. శబ్దాన్ని గురించి శబ్దంతోనే మాట్లాడవలసి వచ్చిన ఇద్దరికీ ఒకే చిక్కు ఎదురైనది, ఇద్దరూ దానిని గుర్తించినారు అన్నంతవరకే మన పోలిక చెల్లుతుంది.

స్థాని జాడ మిగలకపోవడం వలన ఒక ప్రయోజనహాని కూడా ఉన్నది. ప్రమేయం తానే ఒక విలువ. దానిని మరొక ప్రమేయానికి దత్తాంశంగా ఇవ్వవచ్చు.

(మాప్‌కార్ #'వర్గం '(1 2 3))

ఇది జాబితాలోని ప్రతి సంఖ్యకూ వర్గాన్ని ప్రయోగించి (1 4 9) ఇస్తుంది. మవర్గం అనే మాక్రోను ఇట్లా ఇవ్వడానికి వీలులేదు.

అట్లయితే ఎప్పుడు ఏది? ప్రమేయంతో సాధ్యమైన చోట ప్రమేయమే ఉత్సర్గం, మాక్రో అపవాదం. అపవాదానికి అవకాశం ప్రధానంగా మూడుచోట్ల. ఏదైనా అంశానికి విలువ కట్టకుండా ఆపవలసినప్పుడు, లేదా పలుమార్లు కట్టవలసినప్పుడు ఒకటి. ప్రయోక్త ఇచ్చిన పేరును కొత్తగా ముడిపెట్టవలసినప్పుడు రెండు. నడిచే సమయంలో కాక ముందుగానే కొంత పని ముగించవలసినప్పుడు మూడు. విలువ కట్టని దత్తాంశాలను నడిచే సమయంలోనే స్వీకరించే ఒక విధమైన ప్రమేయాలు కూడా పాత లిస్ప్ శాఖలలో ఉండేవి. ఒక పేరు అటువంటిదో కాదో ముందుగా తెలియకపోతే కంపైలరు వాక్యాన్ని సరిగా అన్వయించలేదు. కెంట్ పిట్మన్ 1980లో ఈ దోషాన్ని చూపి, వాటికంటె మాక్రోలే మేలని వాదించినాడు. కామన్ లిస్ప్‌లో అవి లేవు.

9. ఉపసంహారం

ప్రమేయం విలువలను స్వీకరించి విలువను ఇస్తుంది. మాక్రో వాక్యాలను స్వీకరించి వాక్యాన్ని ఇస్తుంది. క్వోట్, వెనుక క్వోట్, కామా అనేవి అర్థానికీ స్వరూపానికీ మధ్య రాకపోకలకు ద్వారాలు. ద్విరావృత్తి, నామసంకరం అనే రెండు దోషాలూ స్వరూపగ్రహణం జరిగినచోట అర్థగ్రహణం జరుగుతున్నదని భ్రమించడం వలన పుట్టినవే.

ప్రాచ్యకళాశాలల విద్యార్థులు కంప్యూటరు ముందు కూర్చోవడానికి జంకనక్కరలేదు. 44వ, 68వ సూత్రాలను అర్థం చేసుకొన్న విద్యార్థి, ఆ రంగంలో అనుభవం ఉన్నవారు కూడా తడబడే చోట నిలదొక్కుకోగలడు. అట్లాగే స్వరూపగ్రహణాన్ని బోధించేటప్పుడు 'అగ్ని అనే ఒక్క ఉదాహరణ నల్లబల్ల మీద రాసి చూపితే, సూత్రప్రయోజనం నేటి విద్యార్థికి వెంటనే స్ఫురిస్తుంది. సంస్కృతం కంప్యూటరు భాష అని గొప్ప చెప్పుకోవడం కంటె, శబ్దానికి రెండు ముఖాలున్నవని మన శాస్త్రం నేర్పిన వివేకాన్ని కొత్త విద్యలో వినియోగించడం మేలు. విజ్ఞులు పరిశీలించి, ఇందలి లోపాలను చూపగలరని ఆశిస్తున్నాను.